లోపలికి రమ్మన్న గది: భవిత కేంద్రంలో రెండేళ్లు

ఆటిజం ఉన్న పిల్లలకు హనుమకొండ, వరంగల్ ప్రాంతంలో ఏ సేవ బాగుంటుందని అడిగే తల్లులకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, మేము వాడిన సేవల గురించి ఒక్కచోట వివరంగా రాయడం మంచిదనిపించింది. మా బాబుకు ఇప్పుడు ఆరేళ్లు దాటాయి. మా మండల కేంద్రంలో, ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు నేర్పే భవిత కేంద్రానికి 2023 జూన్ నుంచి వెళ్తున్నాం. దానికి ముందు ఏడాదికి దగ్గరగా హనుమకొండలోని ఒక ప్రైవేటు థెరపీ సెంటరుకు తిరిగాం. నేను వైద్యురాలిని కాను. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో గుమస్తా, నేను ఇంటి దగ్గర కుట్టుమిషను నడుపుకుంటాను. కాబట్టి నేను తూచిన తూకం ఒక్కటే: గదిలో నేర్పింది మా ఇంట్లో అన్నం దగ్గర, స్నానం దగ్గర, చుట్టాలు వచ్చినప్పుడు పనికొచ్చిందా లేదా అన్నదే చూశాను. ఆ తూకంలో, పైసా తీసుకోని భవిత కేంద్రమే మేము వాడినవాటన్నిటి కంటే ముందు నిలిచింది. అది ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తగ్గిందో రెండూ చెబుతాను.

మా బాబు రెండేళ్లు నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. మునివేళ్ల మీద నడిచేవాడు, తిరిగే ఫ్యాను కింద పడుకుని గంటసేపు కన్నార్పకుండా చూసేవాడు, బతుకమ్మకు తెచ్చిన గునుగు పూలను కాడల పొడవును బట్టి గోడ వెంట వరుసగా పేర్చి, ఎవరి కాలు తగిలి ఒక్క కాడ కదిలినా గుక్కపట్టి ఏడ్చేవాడు. "మగపిలగాండ్లకు మాటలు ఆలస్యమే అయితయి, వాళ్ల బాపుకు నాలుగేండ్లకు వచ్చినయి" అని మా అత్తమ్మ ధైర్యం చెప్పింది. ఆ మాట పట్టుకుని పది నెలలు గడిపేశాం. తర్వాత మా ఊరి అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను చూస్తాయి. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులతో పాటు ఎదుగుదలలో ఆలస్యాన్ని పట్టుకోవడం కూడా వాళ్ల పనే. ఆ రోజు వచ్చిన డాక్టరమ్మ బరువు, పొడవు చూశాక నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "బాబు తనకు కావలసిన వస్తువును వేలు పెట్టి చూపిస్తాడా?" నేను ఆలోచించి చూస్తే, వాడు ఎన్నడూ వేలు చూపించలేదు. బిస్కెట్లు కావాలంటే నా మణికట్టు పట్టుకుని, నా చేతిని డబ్బా మీద పెట్టేవాడు. అది నేను ముద్దుగా అనుకుంటూ వచ్చిన అలవాటు. అలాంటి చిన్న సంగతులను అడిగే మనిషి ఊరికి రావడం ఎంత విలువైనదో ఆ రోజు తెలిసింది. అంగన్‌వాడీకి ఆ బృందం వచ్చే రోజున పిల్లలను ఇంట్లో ఉంచుకోకండని ఇప్పుడు కనిపించిన ప్రతి తల్లికీ చెబుతున్నాను.

నిర్ధారణ కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థకు వెళ్లాం. 1984లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. పాత పేరు ఎన్‌ఐఎంహెచ్ అంటేనే మా వైపు చాలామందికి తెలుస్తుంది. ఆటిజాన్ని అంచనా వేయడానికి మన దేశంలో వాడే ఐసా అనే కొలమానాన్ని తయారుచేసింది కూడా ఈ సంస్థే. అందులో 40 అంశాలు ఉంటాయి, ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు, మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. పిల్లవాడు చూపు కలుపుతాడా, ఒంటరిగా ఉండటానికి ఇష్టపడతాడా, విన్న మాటనే తిరిగి తిరిగి అంటాడా, దెబ్బ తగిలితే నొప్పి తెలుస్తుందా వంటివి ఒక్కొక్కటి నన్ను అడుగుతూ, వాడు ఆడుకుంటుంటే చూస్తూ రాసుకున్నారు. తొందరపెట్టలేదు. ఇది మీరు పెంచడంలో జరిగిన తప్పు కాదని, ఫోను చూపించడం వల్ల వచ్చింది కాదని మొదట చెప్పింది అక్కడే. ఆ ఒక్క మాటకు నేను వాళ్లకు రుణపడి ఉంటాను. కానీ కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 కిలోమీటర్లు. రైలులో కూత కూసినప్పుడల్లా చెవులు మూసుకుని సీటు కిందికి దూరే పిల్లవాడితో వారం వారం ఆ ప్రయాణం మా వల్ల కాలేదు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి వెళ్లి, ఎంత మారాడో చూపించుకుని రావడానికి అంతకంటే మంచి చోటు మాకు తెలియదు. రోజువారీ పనికి మాత్రం దగ్గరలో మరొకటి ఉండాలి.

దగ్గరలో అని మేము మొదట ఎంచుకున్నది హనుమకొండలోని ఆ ప్రైవేటు సెంటరు. పేరు రాయను. సెషనుకు 600 రూపాయలు, వారానికి మూడు సెషన్లు, మూడు నెలల డబ్బు ముందే కట్టాలి. గోడల నిండా రంగుల బొమ్మలు, లోపల ఊయల, బంతుల తొట్టి, చూడటానికి అన్నీ బాగానే ఉండేవి. కానీ తలుపు మూసేవారు. "పేరెంట్స్ లోపలికి రావద్దు మేడం, బాబు డిస్టర్బ్ అవుతడు" అని మమ్మల్ని బయట కుర్చీలలో కూర్చోబెట్టేవారు. ముప్పావుగంట సెషను అరగంటకే ముగిసేది, బయటికి తెచ్చి వదిలి "ఇయ్యాల మంచిగ చేసిండు" అనేవారు. ఏం చేశాడో, ఇంటి దగ్గర మేమేం చేయాలో అడిగితే నెలకోసారి రిపోర్టు ఇస్తామనేవారు. నాలుగో నెల రిపోర్టు ఇంటికి తెచ్చుకుని చదువుతుంటే రెండో పేజీలో మా బాబు పేరు ఉండాల్సినచోట ఇంకొక పాప పేరు ఉంది. మిగతా వాక్యాలన్నీ అవే. మరునాడు వెళ్లి అడిగితే టైపింగులో పొరపాటని కొత్త కాగితం ఇచ్చారు, అందులో పేరు తప్ప ఇంకేమీ మారలేదు. అయినా మేము మానలేదు. మానితే ఉన్నది కూడా పోతుందేమోనన్న భయంతో ఇంకా నెలల తరబడి వెళ్లాం. ఆ భయం మీదే ఇలాంటి సెంటర్లు నడుస్తున్నాయని నాకనిపిస్తుంది.

ప్రైవేటు సెంటర్లన్నీ ఇలాగే ఉంటాయని నేననడం లేదు. మంచివారు తప్పక ఉంటారు. కానీ డబ్బు కట్టే ముందు, పిల్లవాడితో కూర్చునే మనిషికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య ఉందో లేదో అడగండి. 1992 నాటి చట్టం ప్రకారం ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టుల వంటి వారు అందులో నమోదై ఉండాలి. మేము ఆ సంగతి తెలియక అడగలేదు. అడగాల్సిన రెండో ప్రశ్న, తల్లిని లోపల కూర్చోనిస్తారా అన్నది.

భవిత కేంద్రం గురించి మాకు చెప్పింది మా ఊరి ఆశా కార్యకర్త. ఉమ్మడి రాష్ట్రంలో సర్వశిక్షా అభియాన్ కింద మండలాల్లో ఏర్పాటైన ఈ కేంద్రాలు ఇప్పుడు సమగ్ర శిక్ష కింద నడుస్తున్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు నేర్పడానికి శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వీరినే ఐఈఆర్‌పీలు అంటారు; ఊళ్లో అందరూ మేడం, సారు అనే పిలుస్తారు. ఫీజు లేదు. మా కేంద్రంలో వారంలో ఒక రోజు ఫిజియోథెరపిస్టు వస్తారు, మరో రోజు కదలలేని పిల్లల ఇళ్లకే మేడం వెళ్లి నేర్పి వస్తారు.

మొదటి రోజు గది చూసి నాకు నిరాశే కలిగింది. ఒక తరగతి గది, సగం వెలిసిన రంగు, నీలం రెగ్జిను పరుపులు రెండు, నడక నేర్పే కర్రలు, ఒక పెద్ద బంతి, చెక్క బీరువా. నడవలేని పాప ఒకరు, వినికిడి లోపం ఉన్న బాబు ఒకరు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఇద్దరు అదే గదిలో ఉన్నారు. నేను అలవాటు ప్రకారం బాబును లోపల దింపి వరండాలో కూర్చోబోయాను. మేడం గుమ్మం దాకా వచ్చి, "మీరు బయట కూసుంటె ఎట్లనమ్మా, లోపటికి రండ్రి. ఇంట్ల నేనుంటనా, మీరుంటరు గని" అన్నారు. ఏడాదిలో ఎవరూ అనని మాట అది.

ఆ రోజు ఆమె వాడిని ఏమీ అడగలేదు. పరుపు మీద వాడి పక్కన కూర్చుని, వాడు మూతలను వరుసగా పేరుస్తుంటే తానూ ఒక మూత తీసుకుని ఆ వరుస చివర పెట్టారు. వాడు తీసేశాడు. కాసేపాగి మళ్లీ పెట్టారు. ఐదోసారో ఆరోసారో వాడు ఆ మూతను ఉండనిచ్చాడు, తర్వాత తనది ఒకటి పెట్టి ఆగాడు. "సూసిన్రా, మీ వంతు అని మనకు సెప్పిండు" అని నా వైపు తిరిగి నవ్వారు. ఇంటికి వెళ్లి అదే ఆట నన్ను ఆడమన్నారు, రోజుకు పది నిమిషాలు చాలన్నారు. వాడు చేసే పనిని ఆపి మన పని చేయించడం మానేసి, వాడు చేస్తున్న పనిలోకే మనం నెమ్మదిగా వెళ్లాలని ఆమె చెప్పింది నాకు ఆ మూతల వల్ల అర్థమైంది.

తర్వాత బొమ్మల కార్డులు మొదలుపెట్టారు. కొన్న కార్డులు కావు. మా ఇంటి రంజన్ కుండ, మా స్టీలు గ్లాసు, మా బాబు చెప్పులు, మా బిస్కెట్ల డబ్బా ఫోనులో ఫొటోలు తీసి ప్రింటు వేయించి అట్టకు అంటించమన్నారు. బజారులో దొరికే కార్డులో నీళ్లంటే గాజు గ్లాసు ఉంటుంది, మా ఇంట్లో గాజు గ్లాసే లేదు. నీళ్ల కార్డు రంజన్ మూత పక్కన దారంతో వేలాడదీశాం. నా మణికట్టు పట్టుకుని లాగినప్పుడల్లా నేను కదలకుండా వాడి చేతిని కార్డు మీదికి నడిపించి, కార్డు నా చేతికి రాగానే "నీళ్లు" అని స్పష్టంగా అని వెంటనే నీళ్లివ్వాలి. పదిహేడు రోజులు ఏమీ జరగలేదు. పద్దెనిమిదో రోజు మిషను తొక్కుతుంటే ఒళ్లో ఏదో పడింది. చూస్తే, దారం తెంపి తెచ్చిన నీళ్ల కార్డు. ఎండాకాలం గడిచేలోపు "నీ" అన్న అక్షరం వచ్చింది. ఇప్పుడు "నీళ్లు కావాలె" అంటాడు. మాట వస్తుందా రాదా అన్నది పిల్లవాడిని బట్టి ఉంటుందని, కార్డుతో అడిగినా అది అడగడమేనని మేడం మొదటే చెప్పారు కాబట్టి, మాట రాకపోయినా ఆ కార్డును నేను తక్కువగా చూసేదాన్ని కాదు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. మనవడికి మాట రావాలని, ఎత్తు బంగారం ఇస్తానని మా అత్తమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే. పిల్లవాడిని కాంటాలో కూర్చోబెట్టి వాడి బరువుకు సరిపడా బెల్లం తూయాలి. కొత్తచోట ఊగే పళ్లెంలో వీడు కూర్చోవడం జరిగే పని కాదని నాకు తెలుసు, అత్తమ్మకు ఆ మాట చెప్పడమూ నా వల్ల కాలేదు. మేడంకు చెప్పుకున్నాను. ఆమె మొక్కు మంచిదనీ అనలేదు, మూఢనమ్మకమనీ అనలేదు. బెల్లం దుకాణం, కాంటా, బెల్లం బుట్టలు, అత్తమ్మ నవ్వుతున్న ముఖం, తిరిగి వచ్చే ఆటో ఫొటోలు తీసి వరుసగా అంటించి రోజూ పడుకునే ముందు చూపించమన్నారు. కేంద్రంలో చెక్క పలకను తాళ్లతో కట్టి దాని మీద కూర్చోవడం అలవాటు చేశారు. రద్దీ లేని మధ్యాహ్నం చూసుకుని దుకాణానికి వెళ్లాం. అత్తమ్మే ఆ ఫొటోల అట్ట పట్టుకుని, "ఇగో, ఇప్పుడు ఇది, గిదయినంక ఆటో" అని వేలుతో చూపిస్తూ నిలబడింది. వాడు చెవులు మూసుకుని కూర్చున్నాడు, కానీ కూర్చున్నాడు, కిందికి దిగి ఆటో బొమ్మను వేలు పెట్టి చూపించాడు. పదహారు కిలోల బెల్లం తూగింది. ఆ రోజు నుంచి మా అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, కార్డులు కత్తిరించేటప్పుడు పక్కనే కూర్చుంటుంది.

తల్లిదండ్రులకు నేర్పి వాళ్ల ద్వారా పిల్లలకు అందించే ఈ పద్ధతి మా మేడం సొంతంగా కనిపెట్టింది కాదు. గోవాలోనూ పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలతో చేసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. నిపుణులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపితే, వాళ్లు తల్లిదండ్రులకు నేర్పగలిగారని, తల్లిదండ్రులు పిల్లవాడి సైగకు తగ్గట్టు స్పందించడం పెరిగిందని, పిల్లలు తమంతట తాము పలకరించడం కూడా పెరిగిందని అందులో తేలింది. పెద్ద నగరాల నిపుణులు వచ్చి ఉండని మన మండలాలకు ఇంతకంటే ఆశ కలిగించే విషయం లేదు.

ఇక తక్కువలు. స్పీచ్ థెరపిస్టు మా కేంద్రంలో లేరు. మాట మీద ఎక్కువ పని అవసరమైన పిల్లలకు ఇది పెద్ద లోటు. చెయ్యి, కాలు, వినికిడి, బుద్ధి సమస్యలున్న పిల్లలందరికీ ఒకటే గది కావడం వల్ల ఫిజియోథెరపీ జరిగే రోజున పిల్లల ఏడుపులు ఎక్కువగా ఉంటాయి, ఆ రోజు మా బాబు ఏమీ నేర్చుకోలేడు. బీరువాను అడ్డంగా జరిపి, వెనుక మూలన పాత చీర కట్టి మేడం వాడికొక చాటు చేశారు. అది ఆమె మంచితనం, ప్రణాళికలో ఉండాల్సిన ఏర్పాటు మాత్రం కాదు. ఈ పని చేసేవారు ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగులు. ఆమె వెళ్లిపోతే ఏమవుతుందన్న ఆలోచన నాకు రాత్రిళ్లు వస్తుంది. అన్నిటికంటే కష్టమైనది వేసవి. బడులతో పాటు కేంద్రమూ మూతపడుతుంది. వరుస తప్పితే తట్టుకోలేని పిల్లలకు నెలన్నర సెలవు అంటే పేర్చుకున్న గునుగు కాడలన్నీ ఒక్కసారిగా తన్నేసినట్టే. మొదటి వేసవిలో మా బాబు మళ్లీ మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టాడు, మూడు నెలల పని వెనక్కి పోయింది.

కాగితాల విషయంలో కేంద్రం చేసిన సాయం ముందుగా ఊహించనిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటని, 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు పత్రం వస్తే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కని మాకు చెప్పింది మేడమే. మీ-సేవలో సదరం, అంటే వైకల్య పత్రం కోసం చేసే పరీక్ష, స్లాటు బుక్ చేయించడం, సికింద్రాబాద్ కాగితాలన్నీ తారీఖు వరుసన ఫైలులో పెట్టించడం ఆమే దగ్గరుండి చూశారు. పిల్లలకు ఇచ్చే పత్రం గడువుతో వస్తుంది, మళ్లీ పునఃపరీక్ష ఉంటుంది కాబట్టి ఒక్క కాగితం కూడా పారేయకండి. దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. ఇక 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులో కొంత కూడా బిల్లులు పెడితే తిరిగి వస్తుంది. ప్రైవేటు సెంటరుకు డబ్బు పోసినన్ని నెలలూ ఈ పేరు మాకు ఎవరూ చెప్పలేదు. ఒక ప్రైవేటు బడి "ఇసొంటి పిల్లలను మేం తీసుకోం" అన్నప్పుడు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా వివక్ష లేకుండా చేర్చుకోవాలని ఆ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోందని మేడం కాగితం మీద రాసిచ్చారు. చివరకు మేము మా ఊరి ప్రాథమిక పాఠశాలలోనే చేర్పించాం. ఉదయం అక్కడ, మధ్యాహ్నం భవితలో ఉంటాడు.

దారి గురించి ఒక మాట. మొదట్లో ఆటోకు రానుపోను 80 రూపాయలయ్యేది, అందుకే వారానికి రెండు రోజులే వెళ్లేవాళ్లం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చాక వారానికి నాలుగు రోజులు వెళ్లగలుగుతున్నాం. బాబుకు అర టికెట్ చాలు. భూపాలపల్లి, ములుగు వైపు లోపలి ఊళ్లలో బస్సే రాని తల్లులకు ఈ సౌకర్యం లేదు. వాళ్లకు రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, ప్రత్యేక అవసరాలు గల ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున ఏడాదికి పది నెలలు ఉపకార వేతనం సమగ్ర శిక్షలో ఉన్నాయి, కేంద్రంలో అడిగి దరఖాస్తు పెట్టుకోవాలి.

మొత్తం మీద, మాటలు ఆలస్యమైన చిన్న పిల్లలకు, ఇంట్లో రోజూ కాసేపు కూర్చోగలిగిన తల్లి గానీ నానమ్మ గానీ ఉన్న ఇళ్లకు, మీ మండల భవిత కేంద్రానికి ముందు వెళ్లి చూడమని గట్టిగా చెబుతాను. తమను తాము కొట్టుకునే, ఫిట్స్ వచ్చే పిల్లలైతే ముందు పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించి, ఆ తర్వాత దీనిని జోడించుకోవాలి. కేంద్రం ఎలా ఉంటుందన్నది అక్కడి మేడంను, సారును బట్టి మారుతుంది, అందుకే ఒక వారం కూర్చుని చూడండి.

ఈ రెండో వేసవికి మేడం ముందే ఏర్పాటు చేశారు. ఏప్రిల్‌లో కేంద్రం నడిచిన చివరి రోజున ఐదుగురు తల్లులం కూర్చుని, ఎవరి ఇంటికి ఏ రోజు పిల్లలందరూ రావాలో రాసుకున్నాం. మంగళవారం మా ఇల్లు. నేను మిషను పక్కకు జరిపి చాప పరిస్తే, మా బాబు తన డబ్బాలోంచి మూతలు తీసి, ఒక్కొక్క పిల్లవాడి ముందు ఒక్కొక్కటి పెట్టి ఆగుతాడు.